డిర్క్: ఒక పాత డచ్ పేరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పేర్ల సైట్లలో డిర్క్ అని కొడితే "ప్రజల పాలకుడు, జర్మనిక్ మూలం" అని ఒక్క లైను వస్తుంది. అది తప్పేమీ కాదు. కానీ అక్కడితో ఆగిపోతే, వెయ్యేళ్ళకు పైగా హాలండ్‌లో ప్రభువులు, నావికులు, పాలవ్యాపారులు మోసుకొచ్చిన పేరు గురించి మనకేమీ తెలిసినట్టు కాదు. నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తూ పక్క సీట్లో ఒక డిర్క్ ఉన్నవాళ్ళు, పాత కాగితాల్లో ఈ పేరు చూసి తికమక పడ్డవాళ్ళు, ఊరికే పేర్లంటే ఇష్టం ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు వస్తుంది, కొన్నిటికి కథ చెప్పాలి.

డిర్క్ అంటే అర్థం ఏమిటి?

డిర్క్ అనేది డీడరిక్ అనే పెద్ద పేరుకి పొట్టి రూపం. డీడరిక్‌లో రెండు పాత జర్మనిక్ మాటలున్నాయి. మొదటిది 'థియుడ', అంటే జనం, తెగ. రెండోది 'రీక్', అంటే ఏలేవాడు, బలం ఉన్నవాడు. రెండూ కలిపితే జనాన్ని ఏలేవాడు.

అయితే ఆ కాలంలో పేరు పెట్టినవాళ్ళు ఈ అర్థాన్ని చూసే పెట్టారని అనుకోకూడదు. పాత జర్మనిక్ కుటుంబాల్లో పేరుని రెండు ముక్కలుగా చూసేవారు. తండ్రి పేరులోంచో తాత పేరులోంచో ఒక ముక్క తీసుకుని, దానికి ఇంకో ముక్క అతికించి బిడ్డకు పేరు పెట్టేవారు. ఫ్రాంకుల రాజు థ్యూడెరిక్‌ని చూడండి. 511లో సింహాసనం ఎక్కిన ఇతని కొడుకు పేరు థ్యూడెబెర్ట్, మనవడి పేరు థ్యూడెబాల్డ్. మూడు తరాల్లోనూ 'జనం' అనే ముక్క అలాగే ఉంది, రెండో ముక్కే మారింది. అది వంశం గుర్తు. కాబట్టి "ఈ పేరున్నవాడు పుట్టు నాయకుడు" లాంటి వర్ణనలు నా దృష్టిలో క్యాలెండర్ వెనక అచ్చేసే రాశిఫలాలతో సమానం.

'డచ్' అనే మాటకీ ఈ పేరుకీ సంబంధం ఉందట, నిజమేనా?

నిజమే. 'థియుడ' నుంచి 'జనం మాట్లాడే భాష' అనే అర్థంలో ఒక విశేషణం పుట్టింది. చర్చిలో, రాజాస్థానంలో లాటిన్ నడిచే రోజుల్లో, మామూలు మనుషుల భాషని అలా పిలిచేవారు. అదే జర్మన్‌లో 'డాయిచ్', డచ్ భాషలో 'డౌట్స్', ఇంగ్లీషులో 'డచ్' అయింది. ఇంగ్లీషువాళ్ళు మొదట జర్మన్లనీ నెదర్లాండ్స్ వాళ్ళనీ కలిపి డచ్ అనేవారు. తర్వాత సముద్రం అవతల తమకి దగ్గరగా ఉన్నవాళ్ళకే ఆ మాట మిగిలింది. అంటే డిర్క్ అనే పేరు మొదటి సగమూ, ఆ మనిషిని మనం పిలిచే జాతి పేరూ ఒకే వేరు నుంచి వచ్చాయి.

మరి రెండో సగం?

'రీక్' అనే మాటని జర్మనిక్ భాషలు ఎప్పుడో కెల్టిక్ భాషల నుంచి అరువు తెచ్చుకున్నాయి. ఆ కెల్టిక్ మాట, లాటిన్‌లోని 'రెక్స్', సంస్కృతంలోని 'రాజన్' ఒకే ఇండో యూరోపియన్ మూలం నుంచి వచ్చినవి. మనం సంస్కృతం నుంచి 'రాజు' తెచ్చుకున్నాం. నాగరాజులోని రాజుకీ డిర్క్ చివర మిగిలిన 'ర్క్'కీ చాలా దూరపు చుట్టరికం ఉంది.

ఈ పేరుతో మొదట ప్రసిద్ధికెక్కింది ఎవరు?

ఆస్ట్రోగోత్ అనే జర్మనిక్ తెగ రాజు థియోడోరిక్. 493 నుంచి 526 దాకా ఇటలీని ఏలాడు. రావెన్నాలో అతని సమాధి ఇప్పటికీ ఉంది, దాని కప్పు మొత్తం ఒకే రాయి. జర్మన్ వీరగాథల్లో ఇతనే డీట్రిష్ అనే పేరుతో శతాబ్దాల పాటు తిరిగాడు. ఆ గాథల వల్ల పేరుకి మంచి గిరాకీ వచ్చింది. కానీ హాలండ్‌లో ఈ పేరు వేళ్ళూనుకోవడానికి కారణం మాత్రం అక్కడి సొంత ప్రభువులే. వాళ్ళ సంగతి కిందకి వస్తుంది.

డీడరిక్ కాస్తా డిర్క్ ఎలా అయింది?

భాషలో జరిగిన రెండు మార్పులు చాలు. మొదటిది, పాత 'థ' ధ్వని డచ్‌లో 'డ' అయింది. రెండోది, డచ్‌లో రెండు అచ్చుల మధ్య చిక్కుకున్న 'డ' మాట్లాడేటప్పుడు జారిపోతుంది. డీడరిక్‌లో రెండో 'డ' అలా పోయి డీరిక్ అయింది. తర్వాత ఊత లేని అచ్చు కూడా పోయి డీర్క్, చివరికి డిర్క్. సుబ్రహ్మణ్యం సుబ్బు అయినట్టే అనుకోండి. ఒక తేడా ఉంది. సుబ్బు ఇంట్లో పిలుపుగానే ఉంటుంది, డిర్క్ మాత్రం మధ్యయుగాల్లోనే రికార్డులకెక్కి సొంత పేరుగా నిలబడింది. ఈరోజు డిర్క్ అనే మనిషి పాస్‌పోర్టులో డిర్క్ అనే ఉండొచ్చు, దాని వెనక డీడరిక్ ఉండాలని లేదు.

పెద్ద రూపం కూడా చచ్చిపోలేదు. డీడరిక్ సామ్సమ్ అనే లేబర్ పార్టీ నాయకుడు ఈమధ్య కాలం వాడే. ఒకటే పేరు అయినా డచ్ వాళ్ళ చెవికి రెండూ వేరేగా వినిపిస్తాయి. డీడరిక్ అంటే కాస్త పెద్దింటి వాసన, డిర్క్ అంటే పొలం, పడవ, కొట్టు.

ఎలా పలకాలి? డర్క్ అనొచ్చా?

డర్క్ అనేది ఇంగ్లీషు నోటి మాట. డచ్‌లో 'డి' పొట్టిగా ఉంటుంది, 'ర' గట్టిగా దొర్లుతుంది. పైగా 'ర'కీ 'క'కీ మధ్య డచ్ వాళ్ళు తెలియకుండానే ఒక చిన్న అచ్చు చేరుస్తారు. పాలని 'మెల్క్' అని రాసి 'మెలక్' అన్నట్టు పలికే అలవాటు వాళ్ళది. అలాగే డిర్క్ కూడా 'డిరక్'కి దగ్గరగా వినపడుతుంది. తెలుగు రాతకి డిర్క్ సరిగ్గా సరిపోతుంది. మన పెద్దవాళ్ళు చివర ఉకారం చేర్చి 'డిర్కు' అంటే అదేం పెద్ద తప్పు కాదు.

థియోడోర్, డిర్క్ ఒకటేనా?

కాదు. థియోడోర్ గ్రీకు పేరు, 'దేవుడిచ్చిన కానుక' అని అర్థం. డిర్క్‌తో దానికి పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. పాత గోతిక్ పేరుని లాటిన్‌లో రాసేటప్పుడు గ్రీకు స్పెల్లింగ్ అలవాటున్న లేఖకులు థియోడోరికస్ అని రాశారు. పోలిక అక్కడ అంటుకుంది.

కానీ రికార్డుల్లో మాత్రం ఈ రెండూ కలిసిపోయాయి. కేథలిక్ చర్చిలో బాప్తిస్మం రిజిస్టర్ లాటిన్‌లో రాసేవారు. ఊళ్ళో అందరికీ డిర్క్ అయిన పిల్లాడు ఆ పుస్తకంలో థియోడోరుస్ అయ్యేవాడు. 1572 జూలై 9న బ్రిల్లె ఊళ్ళో ఉరి తీసిన 19 మంది కేథలిక్ మతగురువుల్లో అమెర్స్‌ఫోర్ట్‌కి చెందిన వాన్ డెర్ ఏమ్ అనే వృద్ధ ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఒకరు. ఆయన పేరు కొన్ని జాబితాల్లో థియోడోర్, కొన్నిట్లో థియోడోరిక్. 1867లో పునీతుడిగా ప్రకటించిన మనిషికే ఈ గందరగోళం తప్పలేదు. కాబట్టి డచ్ వంశవృక్షం వెతికేవాళ్ళు డిర్క్ దొరక్కపోతే థియోడోరుస్, థియోడోరికస్ కూడా వెతకాలి. వాటితో పాటు చివరి 'k'కి ముందు 'c' కలిపి రాసే పాత స్పెల్లింగ్ (Dirck), డీరిక్, తూర్పు జిల్లాల్లో డెర్క్, ఫ్రీస్‌లాండ్‌లో డుర్క్. పాతకాలంలో స్పెల్లింగ్ గుమాస్తా చేతిలో ఉండేది.

హాలండ్ ప్రభువుల్లో ఎంతమంది డిర్క్‌లు ఉన్నారు?

చరిత్ర పుస్తకాల లెక్కలో ఏడుగురు. మొదటి డిర్క్‌కి 922లో ఫ్రాంకుల రాజు మూడో చార్లెస్ ఎగ్మండ్‌లోని చర్చినీ దాని భూముల్నీ ఇచ్చాడు. ఉత్తర సముద్రం ఒడ్డున, ఇసుక దిబ్బల వెనక ఉన్న ఈ ఎగ్మండ్ ఆ వంశానికి మఠమూ శ్మశానమూ అయింది. రెండో డిర్క్, అతని భార్య హిల్డెగార్డ్ 975 ప్రాంతంలో అక్కడి మఠానికి ఒక సువార్త ప్రతిని కానుకగా ఇచ్చారు. అందులో వాళ్ళిద్దరూ పుస్తకాన్ని బలిపీఠం మీద పెడుతున్న బొమ్మ ఉంది. ఈ ప్రాంతపు మనుషుల్ని గీసిన అతి పాత బొమ్మల్లో అదొకటి. ఆ ప్రతి ఇప్పుడు హేగ్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది.

అందరికంటే రంజైన మనిషి మూడో డిర్క్. నది ముఖద్వారం దగ్గర, వ్లార్డింగెన్‌లో కోట కట్టుకుని, ఇంగ్లండ్‌తో వ్యాపారం చేసే టీల్ ఊరి వర్తకుల పడవల్ని ఆపి సుంకం వసూలు చేసేవాడు. ఎవరి అనుమతీ లేదు. వర్తకులు వెళ్ళి చక్రవర్తి రెండో హెన్రీకి మొర పెట్టుకున్నారు. చక్రవర్తి దిగువ లొరైన్ డ్యూక్ గాడ్‌ఫ్రీని సైన్యంతో పంపాడు. 1018 జూలై 29న ఆ సైన్యం పడవలు దిగి బురద నేలలో, కాలవల మధ్య ముందుకు కదిలింది. మధ్యలో "పారిపోండి" అని ఎవరో అరిచారు. అరిచింది ఎవరైనా, అందరూ పడవల వైపు పరుగు తీశారు, కవచాలతో సహా నీళ్ళలో మునిగారు. డ్యూక్ బందీగా చిక్కాడు. ఆ తర్వాత చక్రవర్తితో రాజీ కుదిరింది, డిర్క్ తన నేలని నిలబెట్టుకున్నాడు. మూడో డిర్క్ జెరూసలేం యాత్ర కూడా చేశాడు. 1039లో పోయాడు.

అప్పటికి వీళ్ళని ఇంకా హాలండ్ ప్రభువులు అనేవారు కాదు, పశ్చిమ ఫ్రీసియా ప్రభువులనేవారు. 'హాలండ్ కౌంట్' అనే బిరుదు 1101 నాటి పత్రంలో కనిపిస్తుంది. వంశంలో డిర్క్, ఫ్లోరిస్ అనే రెండు పేర్లే మళ్ళీ మళ్ళీ తిరిగాయి. 1203లో ఏడో డిర్క్ కొడుకు లేకుండా పోయాడు, కూతురు ఆడా వారసత్వం కోసం యుద్ధం జరిగింది. అక్కడితో డిర్క్‌ల ప్రభుత్వం ముగిసింది. పేరు మాత్రం అప్పటికే ఊరూరా పాకిపోయింది.

సామాన్యుల్లో పేరుమోసిన డిర్క్‌లు ఎవరు?

ఒక నావికుడు, ఒక హతసాక్షి, ఒక శాస్త్రవేత్త. నన్నడిగితే ప్రభువుల కంటే వీళ్ళ వల్లే ఈ పేరుకి బరువు వచ్చింది.

నావికుడు డిర్క్ హార్టోగ్. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడ ఎండ్రాక్ట్ మీద జావాకి వెళ్తూ దారి కంటే బాగా తూర్పుకి పోయి, 1616 అక్టోబర్ 25న ఆస్ట్రేలియా పడమటి తీరంలో ఒక దీవి దగ్గర లంగరు వేశాడు. భోజనం చేసే ఒక తగరపు పళ్ళాన్ని సాపు చేసి, దాని మీద ఓడ పేరు, తేదీ, ముఖ్యుల పేర్లు చెక్కి, కొయ్యకి కొట్టి వదిలాడు. దాని మీద అతని పేరు 'డిర్క్ హాటిక్స్, ఆమ్‌స్టర్‌డామ్' అన్నట్టు ఉంది, ఇప్పటి స్పెల్లింగ్ కాదు. 1697లో విల్లెం డె వ్లామింగ్ అక్కడికి వెళ్ళేసరికి కొయ్య కుళ్ళిపోయింది, పళ్ళెం మాత్రం ఉంది. ఆయన కొత్త పళ్ళెం పెట్టి పాతది తెచ్చేశాడు. అది ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. దీవిని డిర్క్ హార్టోగ్ దీవి అనే పిలుస్తారు.

హతసాక్షి డిర్క్ కథ ఏమిటి?

డిర్క్ విల్లెమ్స్ ఆస్పెరెన్ అనే చిన్న ఊరివాడు. అనాబాప్టిస్టు. అంటే పసిబిడ్డకిచ్చే బాప్తిస్మం చెల్లదని, తెలిసిన వయసులో మళ్ళీ తీసుకోవాలని నమ్మేవాడు. స్పెయిన్ పాలనలో అది మరణశిక్ష పడే నేరం. తాను తీసుకోవడమే కాక, తన ఇంట్లో రహస్యంగా కూటాలు పెట్టి ఇంకొందరికి బాప్తిస్మం ఇప్పించాడు. పట్టుకుని ఒక కోటలాంటి భవనంలో బంధించారు.

అతను గుడ్డపీలికలు ముడేసి తాడు చేసుకుని కిటికీలోంచి దిగాడు. చలికాలం చివర, చెరువు మీద మంచు పలచబడి ఉంది. జైలు తిండికి ఒళ్ళు చిక్కి ఉండటం వల్ల అతను మంచు మీదుగా ఎలాగో దాటేశాడు. వెనక తరుముతున్న భటుడు దాటలేకపోయాడు, మంచు విరిగి నీళ్ళలో పడ్డాడు. కేకలు విని డిర్క్ వెనక్కి వచ్చాడు. చేయిచ్చి పైకి లాగాడు. ప్రాణం దక్కిన భటుడు అతన్ని వదిలేద్దామనే అనుకున్నాడు. కానీ ఒడ్డున నిలబడ్డ ఊరి పెద్ద "చేసిన ప్రమాణం మర్చిపోకు" అని గట్టిగా అరవడంతో అక్కడే పట్టుకున్నాడు.

1569 మే 16న ఊరి బయట కాల్చి చంపారు. ఆ రోజు తూర్పుగాలి బలంగా వీచి మంటని పై శరీరం నుంచి పక్కకి తోసేయడంతో చావు చాలాసేపు పట్టింది. గాలివాటున ఉన్న లేర్‌డామ్ ఊళ్ళో అతను "నా ప్రభువా, నా దేవా" అనడం డెబ్భైసార్లకు పైగా వినిపించిందని అనాబాప్టిస్టుల వారసులైన మెన్నోనైట్ల హతసాక్షుల గ్రంథం చెబుతుంది. ఆ గ్రంథం 1685 ముద్రణ కోసం యాన్ లౌకెన్ చెక్కిన బొమ్మలో డిర్క్ మంచు మీద మోకాళ్ళ మీద వంగి, నీళ్ళలో ఉన్న మనిషికి రెండు చేతులూ చాపి ఉంటాడు. మెన్నోనైట్ ఇళ్ళలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే బొమ్మ అదే.

మూడేళ్ళ తేడాలో ఒక డిర్క్‌ని కేథలిక్ ప్రభుత్వం కాల్చింది, పైన చెప్పిన వాన్ డెర్ ఏమ్ అనే ఇంకో డిర్క్‌ని కేథలిక్ అయినందుకు కాల్వినిస్టు (ప్రొటెస్టెంట్) తిరుగుబాటుదారులు ఉరి తీశారు. అప్పట్లో ఈ పేరు ఏ పక్షానికీ చెందనంత మామూలైపోయిందని దీన్నిబట్టే తెలుస్తుంది.

శాస్త్రవేత్త?

డిర్క్ కోస్టర్, 1889లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. కోపెన్‌హాగెన్‌లో జార్జ్ డె హెవెషీతో కలిసి ఎక్స్‌రేల సాయంతో 72వ మూలకం హాఫ్నియంని కనిపెట్టాడు, 1923లో ప్రకటించారు. కోపెన్‌హాగెన్ లాటిన్ పేరు హాఫ్నియా, మూలకం పేరు దాన్నుంచే వచ్చింది.

అంతకంటే పెద్ద పని 1938లో చేశాడు. యూదు కుటుంబంలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త లీజ మైట్నర్ బెర్లిన్‌లో చిక్కుకుపోయింది. ఆస్ట్రియాని హిట్లర్ కలిపేసుకున్నాక ఆమె పాస్‌పోర్టు చెల్లకుండా పోయింది. కోస్టర్ డచ్ అధికారులతో ముందే మాట్లాడి, తానే బెర్లిన్ వెళ్ళి, జూలై 13న ఆమెతో కలిసి గ్రోనింగెన్ రైలెక్కాడు. ఆమె దగ్గర ఉన్నది పది మార్కులు, అవసరమైతే సరిహద్దులో లంచం ఇవ్వడానికి ఆమెతో కలిసి పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఒటో హాన్ ఇచ్చిన వజ్రపుటుంగరం. ఉంగరంతో పని పడలేదు. హాఫ్నియంతో ఎంత పేరొచ్చిందో మైట్నర్‌ని ఎత్తుకొచ్చినందుకూ నీకంత పేరొచ్చిందని తర్వాత భౌతిక శాస్త్రవేత్త పౌలీ కోస్టర్‌కి టెలిగ్రామ్ కొట్టాడు. అదే ఏడాది డిసెంబరులో, స్వీడన్‌లో, అణుకేంద్రం చీలిపోతుందన్న సంగతిని అక్క కొడుకు ఫ్రిష్‌తో కలిసి లెక్కగట్టింది ఆమే.

డిక్ అని పిలిచేవాళ్ళంతా డిర్క్‌లేనా?

అందరూ కాదు. ఫుట్‌బాల్ కోచ్ డిక్ అడ్వొకాట్ అసలు పేరు డిర్క్ నికొలాస్. కానీ పిల్లల బొమ్మల పుస్తకాల చిత్రకారుడు డిక్ బ్రూనా అసలు పేరు హెండ్రిక్. డచ్‌లో చర్చిలో, రిజిస్టర్‌లో ఉన్న పేరు వేరు, రోజూ పిలిచే పేరు వేరు. పిలుపు పేరుకి చట్టంలో స్థానం లేదు, కానీ ఆఫీసు మెయిల్లో, పెళ్ళి శుభలేఖలో, చివరికి సంతాప ప్రకటనలో కూడా దాన్ని వేరేగా రాస్తారు. ఇంగ్లీషులో డిక్ అంటే రిచర్డ్, అది ఇంకో దారి.

ఆడవాళ్ళకి ఈ పేరు ఉందా?

డిర్క్యే, డెర్క్యే, డీడరికా. మొదటి రెండిట్లో చివర ఉన్న 'యే' ముద్దుగా పిలిచే ప్రత్యయం. ఇప్పుడు ఇవి నానమ్మల పేర్లు.

డిర్క్స్, డిర్క్సన్, డీర్క్స్ లాంటి ఇంటిపేర్లు దీన్నుంచేనా?

అవును, అన్నీ 'డిర్క్ కొడుకు' అనే అర్థంలో వచ్చినవే. తూర్పున డెర్క్స్, డెర్క్సెన్. 1811 ముందు చాలామంది డచ్ వాళ్ళకి స్థిరమైన ఇంటిపేరు లేదు, తండ్రి పేరే రెండో పేరు. నెపోలియన్ దేశాన్ని కలుపుకున్నాక పౌర రిజిస్టర్ వచ్చి, ప్రతి కుటుంబం ఒక ఇంటిపేరు ఖాయం చేసుకోవలసి వచ్చింది. ఆ రోజున తండ్రి పేరు డిర్క్ అయినవాళ్ళలో కొందరికి అదే నిలిచిపోయింది.

పెద్ద కొడుక్కి తండ్రి తరఫు తాత పేరు, రెండోవాడికి తల్లి తరఫు తాత పేరు పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. మనకిది కొత్త కాదు. దీని వల్ల ఒకే ఊళ్ళో డిర్క్ కొడుకు యాన్, యాన్ కొడుకు డిర్క్, మళ్ళీ డిర్క్ కొడుకు యాన్ అని తరాల తరబడి కనపడతారు. ఇద్దరు తాతల పేరూ డిర్క్ అయితే అన్నదమ్ములిద్దరూ డిర్క్‌లే, పెద్ద డిర్క్, చిన్న డిర్క్. పుట్టిన బిడ్డ పోతే తర్వాతి బిడ్డకి అదే పేరు పెట్టేవారు. కాబట్టి రిజిస్టర్‌లో ఒకే తల్లిదండ్రులకి ఇద్దరు ముగ్గురు డిర్క్‌లు కనిపిస్తే రాసినవాడు పొరపడ్డాడని అనుకోవద్దు.

వేరే భాషల్లో ఈ పేరు ఏమైంది?

జర్మన్‌లో డీట్రిష్, ఫ్రెంచ్‌లో తియరీ. ఇంగ్లీషులో డెరెక్, ఇది 15వ శతాబ్దంలో ఫ్లాండర్స్ నుంచి వచ్చిన బట్టల వ్యాపారుల వెంట వెళ్ళిన పేరు. వేల్స్‌లోని ట్యూడర్ ఈ పేరుకి తోబుట్టువే, కాకపోతే నేరుగా కెల్టిక్ మూలం నుంచి వచ్చింది.

బెల్జియంలో డచ్ మాట్లాడే ఫ్లాండర్స్‌లోనూ ఇది సొంత పేరే. 1473లో ఆల్స్ట్‌లో అచ్చు పని మొదలుపెట్టిన డిర్క్ మార్టెన్స్, లూవెన్‌లో స్థిరపడ్డ చిత్రకారుడు డిర్క్ బౌట్స్, 1992లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి బెల్జియన్ డిర్క్ ఫ్రిమౌట్ ఉదాహరణలు. బాస్కెట్‌బాల్ డిర్క్ నోవిట్స్కీ జర్మన్, డిర్క్ అనే పొట్టి రూపం ఉత్తర జర్మనీలో కూడా వాడుకలో ఉంది.

ఇంకో తమాషా. జర్మన్‌లో 'డీట్రిష్' అంటే దొంగతాళం, డేనిష్‌లో 'డిర్క్' అన్నా అదే. పనిముట్టుకి మనిషి పేరు పెట్టే అలవాటు అన్నమాట. డచ్ పడవల్లో తెరచాప అడుగు కొయ్యని పైకి పట్టి ఉంచే తాడుని డిర్క్ అంటారు. స్కాట్లాండ్ వాళ్ళ బాకుని కూడా డర్క్ అంటారు కానీ, అది ఈ పేరు నుంచే వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు.

ఈ పేరుకీ తెలుగు నేలకీ ఏమైనా సంబంధం ఉందా?

పేరుగా లేదు. మచిలీపట్నంలో 1606 నుంచి డచ్చివారి వ్యాపారం నడిచింది, భీమిలిలో వాళ్ళ సమాధులున్నాయి, కానీ డిర్క్ అనే పేరు మన వాడుకలోకి రాలేదు. రెండు పక్కదారులు మాత్రం ఉన్నాయి.

ఒకటి కోనసీమ దారి. కృష్ణా గోదావరి బేసిన్‌లో కొబ్బరితోటల మీంచి కనిపించే చమురు బావి ఇనుప గోపురాన్ని డెరిక్ అంటారు. లండన్‌లో 1600 ప్రాంతంలో టైబర్న్ ఉరికొయ్య దగ్గర పనిచేసిన తలారి ఇంటిపేరు డెరిక్. 1601లో ఎసెక్స్ ప్రభువు తల నరికింది ఇతనే అంటారు. జనం మొదట ఉరికొయ్యని డెరిక్ అన్నారు, తర్వాత బరువులెత్తే దూలాన్ని, ఆ తర్వాత చమురు బావి గోపురాన్ని. ఆ ఇంటిపేరు డిర్క్ నుంచి వచ్చిందే. రిగ్గు మీద పనిచేసే మన కుర్రాళ్ళు రోజూ ఈ పేరు పలుకుతూనే ఉన్నారు.

రెండోది మెన్నోనైట్ల దారి. 1890 ప్రాంతంలో రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీజన్ దంపతులు నల్గొండలో పని మొదలుపెట్టారు. తర్వాత అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు హైదరాబాద్, మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు విస్తరించారు. ఈరోజు తెలంగాణలో మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలు చాలా పెద్దవి, షంషాబాద్‌లో వాళ్ళ బైబిల్ కాలేజీ ఉంది. మంచు మీద శత్రువుకి చేయిచ్చిన డిర్క్ విల్లెమ్స్ ఆ సంఘాల పూర్వీకుల్లో ఒకడు.

క్రికెట్ సంగతి కూడా చెప్పాలి. డిర్క్ నానెస్ తల్లిదండ్రులు డచ్ వాళ్ళు, అతను పుట్టింది ఆస్ట్రేలియాలో. 2009 జూన్ 5న లార్డ్స్‌లో ఇంగ్లండ్‌ని ఓడించిన నెదర్లాండ్స్ జట్టులో ఆడాడు, తర్వాత ఆస్ట్రేలియాకి ఆడాడు. ఢిల్లీ, బెంగళూరు, చెన్నై ఐపీఎల్ జట్లలో ఉన్నాడు.

ఇప్పుడు పుట్టే పిల్లలకి ఈ పేరు పెడుతున్నారా?

పెడుతున్నారు, కానీ నోవా, లూకా లాంటి పేర్ల ముందు నిలబడే స్థితి లేదు. తాత పేరు పెట్టే అలవాటు తగ్గడంతో పాత పేర్లన్నిటికీ ఇదే పరిస్థితి. పేరు మరుగున పడుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. 1942లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పాల దుకాణంతో మొదలైన డిర్క్ సూపర్‌మార్కెట్లు చాలా ఊళ్ళలో ఉన్నాయి. నెదర్లాండ్స్‌కి కొత్తగా వెళ్ళిన మన స్టూడెంట్స్ ఈ పేరుని మనిషి కంటే ముందు బియ్యం తెచ్చుకున్న సంచి మీద చదువుతారు.

ఏ పేరు ఏ ఏడాది ఎంతమందికి పెట్టారో చూసుకోవాలంటే మేర్టెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ పేర్ల డేటాబేస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. పేరుల అర్థాల సైట్ల కంటే దాన్ని నమ్మొచ్చు.

నెదర్లాండ్స్‌లో మాకు బాబు పుట్టాడు. డిర్క్ అని పెట్టొచ్చా? తెలుగు పేరు పెడితే ఒప్పుకుంటారా?

డిర్క్ అని పెట్టొచ్చు, తెలుగు పేరూ పెట్టొచ్చు. 1970 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పేరు అనుచితంగా ఉంటే తప్ప, లేదా అది ఎవరిదో ఇంటిపేరు అయి ఉండి పేరుగా వాడుకలో లేకపోతే తప్ప, రిజిస్ట్రార్ కాదనకూడదు. మనవాళ్ళకి చిక్కు వచ్చేది ఈ రెండో షరతు దగ్గరే. ఇంటిపేరు ముందు రాసే అలవాటులో ఫారంలో గడులు తారుమారు చేస్తే, ఇంటిపేరు కాస్తా పిల్లాడి మొదటి పేరు అయి కూర్చుంటుంది. తర్వాత మార్పించడం పెద్ద టెన్షన్. పుట్టిన మూడు రోజుల్లోగా మున్సిపాలిటీలో నమోదు చేయాలి కాబట్టి, ఆస్పత్రికి వెళ్ళే ముందే పేరు, స్పెల్లింగ్, ఇంటిపేరు ఏ గడిలో రాయాలో కాగితం మీద రాసి పెట్టుకోండి. తల్లిదండ్రులిద్దరూ భారత పౌరులైతే పేరు విషయంలో భారత చట్టం వర్తించే సందర్భాలు ఉంటాయి. ఆ సంగతి మున్సిపాలిటీ కౌంటర్లో ముందే అడిగి, బాబు పాస్‌పోర్టు దరఖాస్తులో కూడా అక్షరం తేడా లేకుండా అదే రాయండి.